చివరి పుటలు చింపేయమనే వారితో నా తగవు

ఫిలిప్ కె. డిక్ 1959లో వెలువరించిన 'టైమ్ ఔట్ ఆఫ్ జాయింట్' నవల విషయంలో చదువరుల మధ్య ఒక తీర్పు ఏనాడో స్థిరపడిపోయింది. "మొదటి రెండు వంతులూ అద్భుతం, చివరి వంతు చప్పబడిపోయింది" అన్నది ఆ తీర్పు. వైజ్ఞానిక కల్పనలంటే చెవి కోసుకునేవారూ ఇదే అంటారు, ఆ పేరు చెబితే ముఖం చిట్లించేవారూ ఇదే అంటారు. "చివరి పుటలు చింపేసి చదువుకో, హాయిగా ఉంటుంది" అని నాకు సలహా ఇచ్చిన మిత్రుడొకడున్నాడు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నానని ముందే ఒప్పుకుంటున్నాను. మళ్లీ చదివాక మాత్రం ఆ తీర్పు తప్పనే కాదు, మనల్ని మనం తప్పించుకోవడానికి మనం కట్టుకున్న తడిక అని కూడా అనిపించింది. ఆ మాట చెప్పడానికే ఈ టపా.

కథ చెప్పకుండా ఈ తగవు తీరదు. కనుక నవల ఇంకా చదవనివారు, చదవదలచినవారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది.

1959. అమెరికాలో ఒక చిన్న ఊరు. రేగల్ గమ్ నలభైలు దాటిన బ్రహ్మచారి. చెల్లెలు మార్గో, బావమరిది విక్, వాళ్ల కొడుకు శామీ ఉన్న ఇంట్లో కాలక్షేపం. ఉద్యోగం లేదు. స్థానిక పత్రికలో రోజూ వచ్చే ఒక పోటీని పూరించి పంపడమే అతని వృత్తి. చిన్న ఆకుపచ్చ మనిషి ఈసారి ఏ గడిలో ప్రత్యక్షమవుతాడో ఊహించాలి. పాత ఫలితాల పట్టికలూ, రేఖాచిత్రాలూ ముందేసుకుని గంటల తరబడి లెక్కలు కట్టి, ఏళ్ల తరబడి అతడే గెలుస్తున్నాడు. ఊరంతటికీ అతడొక వింత మనిషి, కాస్త పేరున్న సోమరి.

ఇక ఆ ఊరి అతుకులు ఒక్కొక్కటీ ఊడడం మొదలవుతుంది. విక్ ఒక రాత్రి స్నానాల గదిలోకి వెళ్లి, దీపం వెలిగించడానికి చీకట్లో వేలాడే తాడు కోసం తడుముకుంటాడు. ఆ గదిలో తాడు ఎన్నడూ లేదు, గోడకు స్విచ్ ఉంది. మరి ఆ చేతికి అలవాటు ఎక్కడిది? రేగల్ కళ్లెదుటే పార్కులోని శీతల పానీయాల దుకాణం అణువణువుగా కరిగిపోయి, దాని స్థానంలో ఒక కాగితపు చీటీ మిగులుతుంది. దాని మీద 'శీతల పానీయాల దుకాణం' అని అచ్చక్షరాల్లో ఉంటుంది. ఇటువంటి చీటీలను అతడు అప్పటికే ఒక పెట్టెలో దాచుకుంటున్నాడు. పాడుబడిన స్థలంలో దొరికిన పాత పత్రికలో మార్లిన్ మన్రో అనే మహా తార బొమ్మ కనబడుతుంది. ఆమె ఎవరో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. ఆ ఊళ్లో రేడియోలు లేవు. పిల్లవాడు ఆటగా చేసుకున్న చిన్న రేడియోలో, పైన ఎగిరే విమానాలవాళ్లు రేగల్ గమ్ గురించి మాట్లాడుకోవడం వినబడుతుంది.

ఇంతవరకూ అందరికీ ఇష్టమే. తర్వాతిదే ఎవరికీ రుచించదు. అసలు సంవత్సరం 1998. భూమికీ, చంద్రుడి మీద స్థిరపడిన వలసదారులకూ మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. చంద్రుడి నుంచి వచ్చే అణ్వస్త్రాలు ఎక్కడ పడతాయో ముందుగా పసిగట్టగల ప్రతిభ ఒక్క రేగల్‌కే ఉంది. అతడు రోజూ పూరించే ఆ పత్రిక పోటీ ఆ పనే. ఊరు మొత్తం సైన్యం నిర్మించిన రంగస్థలం. పక్కింటి బిల్ బ్లాక్ ప్రభుత్వపు మనిషి. చెల్లెలు చెల్లెలు కాదు. పెదవి విరుపు మొదలయ్యేది ఇక్కడే. "ఇంత సూక్ష్మంగా మొదలుపెట్టి, చివరికి రాకెట్లూ చంద్రమండలమూనా?" అంటారు.

నేను అడిగేది ఒక్కటే. ఆ చివరి పుటల్లో ఉన్నది రాకెట్లేనా? మరొకసారి తీసి చూడండి. అక్కడున్న అసలు విషయం వేరు. ఈ ఊరు కట్టకముందు రేగల్ అదే పనిని తెలిసి చేసేవాడు, సైన్యం కోసం. క్రమంగా తన పక్షం అన్యాయపు పక్షమని అతనికి తోచింది. చంద్రుడి వైపుకు వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాడు. ఇటు అతడు వెళ్లిపోతే ఊళ్ల మీద బాంబులు పడతాయి. అటు ఉండిపోతే తాను నమ్మని యుద్ధాన్ని తానే నిలబెట్టినవాడవుతాడు. ఆ బరువు మోయలేక అతని మనసు వెనక్కి జారిపోయింది, తన బాల్యంలోని ఆ 1950ల నిశ్చింతలోకి. ప్రభుత్వం చేసినదల్లా, జారిపోయిన ఆ మనసు చుట్టూ ఒక ఊరు కట్టి, పాత పనికి ఆట అని కొత్త పేరు పెట్టడం.

అంటే భ్రమకు మొదటి ఇటుక పేర్చినవాడు మోసపోయినవాడే. మోసగాళ్లు ఆ తర్వాత గోడలు లేపారు. ఈ ముక్క చివరి పుటల్లోనే ఉంది. అవి చింపేస్తే మిగిలేది 'ఎవరో నన్ను మోసం చేస్తున్నారు' అనే కథ. అవి ఉంచితే దక్కేది 'నేను ఏమి చేస్తున్నానో నాకు తెలియకుండా ఉండడమే నాకు సుఖంగా ఉంది' అనే కథ. మొదటిది చదివితే మన మీద మనకే జాలి కలుగుతుంది, రెండవది చదివితే సిగ్గు. జాలి కలిగించే సగాన్ని మెచ్చుకుని, సిగ్గు కలిగించే సగాన్ని 'శిల్పలోపం' కింద కొట్టేయడం మన చదువరులకు బాగా అలవాటైన విద్య.

"నమ్మశక్యంగా లేదు, ఒక మనిషి చేత అణుయుద్ధపు పని అతనికే తెలియకుండా చేయించడమా?" అన్నది ఇంకొక అభ్యంతరం. ఈ నవల రావడానికి పద్నాలుగేళ్ల ముందే అది జరిగిపోయింది. 1942లో అమెరికా ప్రభుత్వం టెన్నెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనే ఊరిని కొత్తగా కట్టించింది. పటాల్లో దాని పేరుండేది కాదు. 1945 నాటికి జనాభా దాదాపు 75,000. అక్కడి వై-12 కర్మాగారంలో, అప్పుడే హైస్కూలు చదువు ముగించి వచ్చిన యువతులు ఎత్తయిన బల్లల మీద కూర్చుని, మీటరులోని ముల్లు గీత దాటకుండా పిడులు తిప్పుతుండేవారు. వాళ్లు వేరు చేస్తున్నది యురేనియం-235 అని వాళ్లకు చెప్పలేదు. ముల్లును గీత మీద ఉంచడమే వాళ్లకు తెలిసిన పని. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడిన వార్త వచ్చాక గాని, తమ చేతులు ఏమి చేశాయో వాళ్లకు తెలియలేదు. ఆ ఊళ్లోనూ ఇళ్లున్నాయి, సినిమా హాళ్లున్నాయి, నృత్యాలున్నాయి, పెళ్లిళ్లు జరిగాయి. డిక్ కల్పించినది ఆ యువతుల పరిస్థితిని ఒక్క మనిషి మీదకు తెచ్చి, 'అతడికి లోలోపల తెలుసు' అన్న ఒక్క మాట చేర్చడమే. నమ్మశక్యం కానిదేదైనా ఉంటే ఆ ఊరే, నవల కాదు.

ఇక మనవాళ్ల ప్రత్యేకమైన అభిప్రాయం ఒకటుంది. దాని మీద నాకు మరింత కోపం. "ఇదేముందండీ, మన మాయావాదమే కదా! శంకరులవారు ఎప్పుడో చెప్పారు" అని చేతులు దులుపుకునేవారు. జగత్తు మిథ్య అన్న మాట వినబడితే చాలు, ఏ పుస్తకాన్నయినా మన అటక మీద ఎక్కించేస్తాం. ఎక్కించిన పుస్తకాన్ని మళ్లీ దించం.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. రజ్జుసర్పభ్రాంతిలో తాడును చూసి పామనుకుంటాం. దీపం తెస్తే పాము పోతుంది, తాడు మిగులుతుంది. ఆ తాడును మనల్ని భయపెట్టడానికి అక్కడ ఎవరూ పెట్టలేదు. అవిద్య అనాది అంటారు పెద్దలు. దానికి ప్రారంభోత్సవం జరగలేదు, ఖర్చు రాసిన పద్దు లేదు. "మాయకు అధిపతి ఈశ్వరుడు లేడా?" అని మీరు అడగవచ్చు. ఉన్నాడు, కానీ ఆ ఈశ్వరుడికి మన భ్రమ వల్ల ఒరిగే లాభం లేదు. అది లీల. రేగల్ ఊరు లీల కాదు. దానికి వడ్రంగులున్నారు, కాపలాదారులున్నారు, పక్కింటివాడి వేషం వేసే అధికారి ఉన్నాడు. ఆ ఊరు ఎవరికి ఎందుకు కావాలన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబుంది. వేదాంతం అడిగే ప్రశ్న 'ఏది సత్యం?' అని. డిక్ ఇక్కడ అడిగే ప్రశ్న 'ఈ అసత్యం ఎవరికి అవసరం?' అని. మొదటి ప్రశ్న గొప్పదే. కానీ రెండో ప్రశ్న అడిగినవాడికి మొదటి ప్రశ్న జవాబు ఇచ్చి పంపడం, 'నా పొలం ఎవరు ఆక్రమించారు?' అన్నవాడితో 'భూమి ఎవరి సొత్తు నాయనా?' అనడం వంటిది.

మన వాఙ్మయంలోనే పోలిక కావాలంటే మాయ దగ్గరకు వెళ్లనక్కరలేదు, లక్క ఇంటికి వెళ్లండి. వారణావతంలో పురోచనుడు కట్టించిన ఆ ఇల్లు చూడముచ్చటైనది. సకల సౌకర్యాలూ ఉన్నాయి. దుర్యోధనుడి కోసం కట్టినది, కాల్చడానికి కట్టినది. విదురుడు మర్మగర్భంగా హెచ్చరించాడు, పాండవులకు అర్థమైంది. తెలియనట్టే అందులో కొంతకాలం కాపురమున్నారు, సొరంగం తవ్వించుకున్నారు, చివరికి నిప్పు పెట్టి తప్పుకున్నారు. ఇక్కడితో కథ అయిపోతే అది మోసాన్ని కనిపెట్టిన తెలివైనవారి కథ. కానీ మర్నాడు బూడిదలో ఆరు శవాలు దొరికాయి. ఆ రాత్రి అక్కడ నిద్రించిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు. ఊరు వాళ్లను పాండవులనుకుని ఏడ్చింది. భ్రమను ఛేదించుకుని బయటపడ్డంత మాత్రాన లెక్క తీరిపోదని మన భారతానికి తెలుసు. నవల చివరి పుటలు చెప్పేదీ ఆ లెక్క గురించే. మనం మాత్రం సొరంగం దాకా చదివి పుస్తకం మూసేస్తాం.

మూడో అభిప్రాయం సినిమా చూసినవారిది. "ఇదే కథను 'ట్రూమన్ షో' ఇంకా చక్కగా చెప్పింది" అంటారు. పీటర్ వియర్ తీసిన ఆ సినిమా 1998లో వచ్చింది. నవలలో అసలు సంవత్సరమూ 1998 కావడం ఒక వింత యాదృచ్ఛికం. మంచి సినిమా, కాదనను. అయితే ట్రూమన్ ఏ పాపమూ ఎరుగడు. పుట్టుకతోనే అతణ్ణి బంధించారు. అతడి దైనందిన జీవితం వల్ల ఎవరి నెత్తి మీదా ఏమీ పడదు. చివర ఆకాశపు గోడలో తలుపు కనబడుతుంది, నమస్కరించి వెళ్లిపోతాడు, మనం చప్పట్లు కొడతాం. రేగల్‌కు అటువంటి తలుపు లేదు. బయటకు రావడం అతనికి విముక్తి కాదు, తాను వదిలి పారిపోయిన నిర్ణయం దగ్గరకు తిరిగి రావడం. అతడు చివరికి చంద్రుడి పక్షమే ఎంచుకుంటాడు. మనుషులు కొత్త చోట్లకు వెళ్లకుండా ఏ ప్రభుత్వమూ ఆపరాదన్నది అతని నమ్మిక. అతనితో పాటు బయటపడిన విక్ అందుకు ఒప్పుకోడు. నగరాల మీద బాంబులు వేసేవారి పక్షం ఎలా వహిస్తావంటాడు, తిరిగి ఆ బొమ్మల ఊరికే వెళ్లిపోతాడు. ఇద్దరూ ఒకే సత్యాన్ని చూశారు. ఇద్దరూ చెరొక దారి పట్టారు. 'సత్యం తెలిస్తే చాలు, కర్తవ్యం దానంతట అదే తెలుస్తుంది' అనే మన సుఖమైన నమ్మకానికి ఇంతకంటె గట్టి దెబ్బ ఏముంటుంది? సినిమా ఈ దెబ్బ కొట్టలేదు. దాని ఉద్దేశం అది కాదు కూడా.

నాలుగో అభిప్రాయం అన్నింటికంటె చులకనైనది. "ఆ రచయితకు మతి స్థిమితం లేదు, మందులు మింగేవాడు, అందరూ తన మీద కుట్ర పన్నారనుకునేవాడు. ఆ అనుమానపు జబ్బే నవలలయింది" అని. డిక్ జీవితంలో అలజడి ఉన్నమాట నిజం. మాదకాలు ఉన్నమాటా నిజం. కానీ ఈ మాట అనేవారు చూపించే ఉదంతాలు ఏనాటివో గమనించండి. అతని ఇంట్లో జరిగిన, నేటికీ తేలని దొంగతనం 1971 నవంబరు నాటిది. అతడు తన దర్శనాలుగా చెప్పుకున్న అనుభవాలు 1974 నాటివి. ఈ నవల 1959 నాటిది. పదిహేనేళ్ల తర్వాతి జ్వరాన్ని చూపి ముందటి మాటలను సంధి ప్రేలాపన అనడం ఏ వైద్యం?

ఆ కాలం ఎటువంటిదో చూడండి. డిక్ పెరిగినది కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. 1949లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన అధ్యాపకులను తాము కమ్యూనిస్టులం కామని ప్రమాణపత్రం మీద సంతకం చేయమంది. చేయనందుకు 1950లో 31 మందిని తొలగించింది. 1950ల తొలినాళ్లలో ఎఫ్‌బీఐ మనుషులు డిక్ దంపతుల ఇంటికి వచ్చేవారని అతని జీవితచరిత్రలు చెబుతాయి. బడుల్లో పిల్లలకు అణుబాంబు పడితే బల్లల కింద ఎలా దాక్కోవాలో నేర్పేవారు. ఆ దశాబ్దంలో అనుమానం ఒక మనిషి జబ్బు కాదు, అది ప్రభుత్వ విధానం. పొరుగువాణ్ణి అనుమానించడం దేశభక్తి అయినచోట, దేశాన్ని అనుమానించినవాడు పిచ్చివాడయ్యాడు. నవలలో చంద్రుడి మీది వలసదారులను భూమ్మీదివారు 'లూనటిక్స్' అని పిలుస్తారు. ఆంగ్లంలో ఆ మాటకు పిచ్చివాళ్లని అర్థం, దాని మూలంలో ఉన్నది చంద్రుడే. ఒక్క శ్లేషలో డిక్ తన మీద రాబోయే విమర్శకు ముందే జవాబు చెప్పాడు. మనతో ఏకీభవించనివారికి పిచ్చివాళ్లని పేరు పెట్టుకుంటే వాళ్ల మాట వినే శ్రమ తప్పుతుంది.

అనుమానరోగానికీ ఈ నవలకూ ఉన్న అసలు తేడా ఇంకొకటి. 'లోకమంతా నా చుట్టూనే తిరుగుతోంది' అనుకునే రోగికి ఆ ఊహలో భయంతో పాటు రహస్యమైన గర్వమూ ఉంటుంది. రేగల్ విషయంలో ఆ ఊహ నిజమవుతుంది. లోకం అక్షరాలా అతని చుట్టూనే తిరుగుతోంది. అయినా నవల అతనికి ఆ గర్వాన్ని దక్కనివ్వదు. నువ్వు కేంద్రానివే, కనుక జవాబుదారీ కూడా నీదే అంటుంది. ఏ రోగి కల్పనా తనను తాను ఇలా బోనులో నిలబెట్టుకోదు.

నవల నిర్దోషమని నేననడం లేదు. చివరి అధ్యాయాలు తొందరలో నడిచాయి. పదిహేను పుటల్లో జరగవలసింది మూడు పుటల సంభాషణలో కుక్కినట్టుంటుంది. స్త్రీ పాత్రల మీద రచయిత పెట్టిన శ్రద్ధ బహు స్వల్పం. చెల్లెలు కాదని తేలిన మార్గో మనసులో ఏముందో చెప్పే ఓపిక అతనికి లేకపోయింది, ఆమె పోగొట్టుకున్నదీ తక్కువేమీ కాదు. ఇవి విమర్శలు. వీటిని ఎవరు చేసినా తల వంచుతాను. కానీ 'ముగింపు సరిగా రాయలేదు' అనడం వేరు, 'ముగింపు అక్కర్లేదు' అనడం వేరు. మొదటిది రచయితతో పేచీ. రెండోది నవల మోసుకొచ్చిన ప్రశ్నను గుమ్మంలోనే నిలిపి తిప్పి పంపడం.

ఇంతకీ ఈ ప్రశ్న మనకెందుకు? మనం అంతర్జాలంలో తిరిగేవాళ్లం గనుక. ఎన్ని గుమ్మాల దగ్గర వంకర అక్షరాలు చదివి, మనం మనుషులమేనని రుజువు చేసుకున్నామో గుర్తుందా? 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన రీక్యాప్చాలో రెండు మాటలు కనిపించేవి. ఒకటి మనల్ని పరీక్షించడానికి. రెండోది పాత పుస్తకాలనూ పత్రికలనూ యంత్రంతో చదివిస్తుంటే యంత్రానికి అందని మాట. దాన్ని మన చేత చదివించుకున్నారు. న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు అలా అక్షరాల్లోకి మారాయి. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. తర్వాత వీధుల ఛాయాచిత్రాల్లోని ఇంటి నంబర్లూ మన ముందుకు వచ్చాయి. ఇందులో ఎవరికీ హాని జరగలేదు, పాత పత్రికలు బతకడం మంచిదే. నేను చెప్పేది పని తీరు గురించి. గడి పూరించాం, తలుపు తెరుచుకుంది, మన దారిన మనం పోయాం. ఆ గడి దేనికని అడిగినవారు మనలో ఎందరు? పని మంచిదైనందుకు మన అదృష్టం. చెడ్డదై ఉంటే మన వేళ్లు ఆగి ఉండేవా?

అందుకే ఈ నవల చదివి 'మన లోకం నిజమేనా?' అని కళ్లు పెద్దవి చేసుకుని ఆశ్చర్యపోయేవారిని చూస్తే నాకు విసుగు. ఆ ఆశ్చర్యం చవకైనది, రాత్రి భోజనం వేళకు దిగిపోతుంది. అడగవలసింది 'నేను రోజూ ఇష్టంగా చేసే ఈ చిన్న పని ఎక్కడికి చేరుతోంది?' అని. దానికి జవాబు వెతకడం కష్టం, దొరికాక మరీ కష్టం. విక్ చెయ్యి చీకట్లో ఆ లేని తాడు కోసం ఎందుకు తడుముకుందో ఇప్పుడు చూడండి. మనసు మరిచిపోవడానికి ఒప్పుకున్నదాన్ని చెయ్యి మరిచిపోలేదు.

చివరి పుటలు చింపేయమన్న నా మిత్రుడికి పుస్తకం తిరిగి పంపుతున్నాను. పుటలన్నీ భద్రంగానే ఉన్నాయి. ఈసారి వెనక నుంచి చదవమని మనవి.